కూనను తెచ్చాం సరే, ఇప్పుడేం చేయాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేసవి సెలవుల్లో పిల్లల పోరు పడలేక పర్షియన్ పిల్లి కూనల్ని తెచ్చుకున్న ఇళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు బాగా ఎక్కువైనట్టున్నాయి. ఈ నెల ఉత్తరాల్లో గేదెలూ గొర్రెలూ వెనకబడి పిల్లులు ముందుకొచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబు ఇస్తున్నాం. మందుల మోతాదులు మాత్రం రాయడం లేదు. కూనను తూకం వేయకుండా చెప్పే మోతాదు ఎవరు చెప్పినా నమ్మొద్దు.

ప్రశ్న: చెన్నైలో ఒకాయన దగ్గర తెల్ల పర్షియన్ కూన చూశాం. 45 రోజుల వయసట. ట్రిపుల్ కోట్, సెమీ పంచ్, ఆడ్ ఐ అంటూ ధర గట్టిగానే చెబుతున్నాడు. చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా మాలిమి అవుతుందంటున్నాడు. నిజమేనా? కారులో ఎలా తేవాలి?
- ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: మాలిమి సంగతి ఆయన తిరగేసి చెబుతున్నాడు. కూనకు మనుషులు అలవాటయ్యేది 2 నుంచి 7 వారాల మధ్య. అంటే అది ఆయన ఇంట్లోనే, తల్లి పక్కనే జరగాలి. ఆ రోజుల్లో నలుగురి చేతుల్లో తిరిగిన కూన 12 వారాలకు వచ్చినా త్వరగానే ఒళ్లోకి ఎక్కుతుంది. బోనులో పెరిగింది 45 రోజులకే వచ్చినా మంచం కిందే ఉంటుంది. ఎంత గట్టిగా కొరకొచ్చు, గోళ్లు ఎప్పుడు లోపలికి తీసుకోవాలి అన్నవి తోబుట్టువులతో కొట్లాడి నేర్చుకోవాల్సినవి. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చేతుల మీద చెప్పించుకుంటుంది. మంచి బ్రీడర్లు 12 వారాలు నిండేదాకా కూనను వదలరు. 8 వారాల లోపు కూనను దుకాణంలో అమ్మకూడదని 2018 నాటి పెట్ షాప్ నిబంధనల్లోనే ఉంది. 45 రోజులంటే ఆరున్నర వారాలు.

ఆ 45 కూడా లెక్క చూసుకోండి. పెదవి పక్కకు జరిపి పళ్లు చూడండి. పాలపళ్లు మొత్తం 26. కోర పన్ను వెనక పై దవడలో ఒక్కో పక్కన మూడు, కింది దవడలో రెండు ఉండాలి. పైన కోరను ఆనుకుని ఉండే మొదటిది బియ్యపు నూకంత ఉంటుంది, వెలుతురులో చూస్తేనే కనబడుతుంది. ఇవన్నీ వచ్చేసరికి దాదాపు 8 వారాలు పడుతుంది. కోరలు మాత్రమే వచ్చి వెనక చిగురు నున్నగా ఉంటే అది నెల కూన. తూకం కూడా వేయించండి. 8 వారాలకు 700 నుంచి 900 గ్రాములు, 12 వారాలకు కిలో దాటి ఉండాలి.

ట్రిపుల్ కోట్ (మూడు పొరల బొచ్చట) అన్నది అంగడి మాట, ఏ జాతి ప్రమాణంలోనూ లేదు. పంచ్ ఫేస్ అంటే ముక్కు కళ్ల మధ్యకు నొక్కుకుపోయిన ముఖం. దానికి కన్నీటి నాళం వంకర తిరిగి కళ్లెప్పుడూ కారుతుంటాయి, ఊపిరి గురకగా వస్తుంది. పిల్లి వేడెక్కినప్పుడు రొప్పి చల్లబడాలి, ఆ ముక్కుతో అదీ సరిగా సాగదు. నెల్లూరు ఎండలకు ముక్కు కాస్త బయటికి ఉన్న డాల్ ఫేస్ కూనే నయం. ధర కూడా తక్కువే.

తెల్ల పిల్లుల్లో నీలికన్నుకూ చెవుడుకూ ముడి ఉంది. రెండు కళ్లూ నీలమైతే సగానికి పైగా చెవిటివే, ఒకటే నీలమైనా (మీవాడు చెప్పే ఆడ్ ఐ ఇదే) ముప్పు తక్కువేం కాదు. కూన అటు తిరిగి ఆడుకుంటున్నప్పుడు వెనక నుంచి తాళంచెవుల గుత్తి గలగలలాడించండి. చప్పట్లు వద్దు, గాలి తగిలి తిరుగుతుంది. చెవిటి పిల్లిని పెంచుకోవచ్చు, కానీ బయటికి వదలకూడదు, కనీసం తెలిసి తెచ్చుకోవాలి.

పర్షియన్లలో తరతరాలుగా వచ్చే జబ్బు కిడ్నీలో నీటితిత్తులు. పీకేడీ అంటారు. తల్లిదండ్రుల్లో ఒకదానికి ఉన్నా కూనల్లో సగానికి వచ్చే అవకాశం ఉంది. చిన్నప్పుడు బయటపడదు, నడివయసులో కిడ్నీలు చెడతాయి. తల్లిదండ్రులకు డీఎన్ఏ పరీక్ష చేయించారా అని అడగండి. అడిగితేనే సగంమంది అమ్మకందారుల ముఖం మారుతుంది. పెడిగ్రీ పత్రం అంటే సీఎఫ్ఏ, వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ లాంటి సంస్థల్లో నమోదై, తాతముత్తాతల పేర్లున్న కాగితం. టీకాల కార్డు చూపించి పెడిగ్రీ అంటే ఊరుకోకండి. ఆ కార్డులో కూడా సీసా మీది స్టిక్కరు అంటించి, డాక్టరు సంతకం, తేదీ ఉండాలి.

కొనేముందు తల్లిని చూడండి. చూపించనంటే వచ్చేయండి. కూన తోక ఎత్తి చూడండి, విరేచనం మరకలు ఉండకూడదు. చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి చెత్త ఉంటే చెవి పురుగులు. చెవి అంచున, ముక్కు మీద వెంట్రుక రాలి పొట్టు లేచి ఉంటే తామర.

చెన్నై నుంచి నెల్లూరుకు 175 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గట్టి ప్లాస్టిక్ బుట్ట, తలుపుకు గొళ్లెం ఉన్నది తీసుకెళ్లండి. అట్టపెట్టె తడిస్తే అడుగు ఊడుతుంది. బయల్దేరడానికి మూడు గంటల ముందు తిండి ఆపాలి, నీళ్లు ఆపొద్దు. అడుగున పాత టవలు, దాని మీద తల్లి పడుకున్న గుడ్డముక్క పరవండి. బుట్టను ముందు సీటు వెనక, కింద పెట్టండి. ఏసీ గాలి నేరుగా తగలనివ్వొద్దు. టీ కోసం ఆగినప్పుడు బుట్ట తలుపు తీయకండి. హైవే పక్కన దూకిన కూన మళ్లీ దొరకదు.

ప్రశ్న: కూనను తెచ్చి రెండు రోజులైంది. బీరువా వెనక దూరి బయటికి రావడం లేదు. రాత్రంతా ఏడుపే. మా అబ్బయ్య లాగి ఎత్తుకుంటే చెయ్యి గీరేసింది. తిండి ఏదో కాస్త ముట్టింది.
- ఒక గృహిణి, కావలి

జవాబు: ముందు పిల్లవాడి సంగతి. గీరిన చోట ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కూనకు రేబీస్ టీకా పడి ఉండకపోవచ్చు కాబట్టి ఈ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి.

ఇక కూన. అది భయపడుతోంది మీకు కాదు, మీ ఇల్లంతటికీ. నాలుగు గదుల ఇల్లు దానికి నాలుగు ఊళ్లతో సమానం. ఒకే గది ఇవ్వండి, వారం రోజులు అదే దాని ప్రపంచం. బీరువా వెనక సందు, మంచం కింద భాగం దిండ్లతో, అట్టలతో మూసేయండి. ముందు దాక్కోవడానికి చోటు పెట్టి, ఆ తర్వాతే మూయాలి. ఒక అట్టపెట్టె బోర్లించి, ఎదురెదురు పక్కల అరచేతి వెడల్పున రెండు కంతలు కోయండి. ఒకటే కంత ఉంటే లోపల ఇరుక్కుపోయాననుకుంటుంది. తిండి ఒక మూల, లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుకలాంటి లిట్టర్ పోసి పెట్టే పళ్లెం) దాని ఎదురు మూల. రెండూ పక్కపక్కనే పెడితే ట్రేలో పోయదు.

పిల్లవాడిని రోజుకు మూడుసార్లు, పావుగంట చొప్పున ఆ గదిలో నేల మీద కూర్చోబెట్టండి. కూన వైపు చూడకుండా పుస్తకం పైకి చదువుకోమనండి. వేలు ఆడించొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. కూనే వచ్చి వాసన చూస్తుంది. అప్పుడు కూడా తల మీద చెయ్యి వేయకుండా గడ్డం కింద గీకాలి. రాత్రి ఏడుపుకు పడుకునే ముందు పదినిమిషాలు ఈకో, చిన్న బంతో ఆడించి, వెంటనే తిండి పెట్టండి. వేటాడి, తిని, పడుకోవడం పిల్లి వరస.

బ్రీడర్ పెట్టిన తిండే మొదటి వారం పెట్టండి. మార్చాలంటే ఆ తర్వాత పాతదానిలో పావు వంతు కొత్తది కలిపి, రెండు మూడు రోజులకొకసారి పెంచుతూ వారం పది రోజుల్లో మార్చాలి. ఒక్కసారి మారిస్తే విరేచనాలు ఖాయం. తిండి ముట్టకపోతే వెట్ ఫుడ్‌ను గోరువెచ్చగా చేసి చూడండి, వాసన లేస్తుంది. వంటింట్లో గ్రాముల తూకం ఉంటే రోజూ అదే వేళకు తూచి రాసుకోండి. ఈ వయసులో రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. రెండు రోజులు వరసగా తగ్గినా, 24 గంటలు ఏమీ తినకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న: మూడు నెలల కూన, బరువు కిలో. డ్రై ఫుడ్ ఖర్చు చూసి పాలు, పెరుగన్నం, చేపల పులుసులోని ముక్క కడిగి పెడుతున్నాం. ఇష్టంగానే తింటోంది. మా అవ్వ, పిల్లికి పాలు పడకపోవడమేమిటని నవ్వుతోంది.
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అవ్వ కాలం నాటి పిల్లి పాలతో పాటు ఎలుకల్నీ తినేది. దాని అసలు తిండి ఎలుక, పాలు కాదు. తల్లిపాలు మానాక కూన కడుపులో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. గేదెపాలు పోస్తే చాలావాటికి కడుపు ఉబ్బి పలచగా వెళ్తుంది. పెరుగు ఒక చెంచా పడుతుంది, కానీ పెరుగన్నంలో కూనకు పనికొచ్చేది దాదాపు ఏమీ లేదు. పిల్లి నికార్సయిన మాంసాహారి. టారిన్ అనే పదార్థం అది మాంసం నుంచే తెచ్చుకోవాలి. అది తక్కువైతే గుండె కండరం బలహీనపడుతుంది, కంటిచూపు పోతుంది. కుక్క తిండి పెట్టినా ఇదే గతి.

పులుసు ముక్క కడిగితే సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి రసం లోపలికి ఇంకి ఉంటుంది. అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఒక్కరోజులో ఏమీ కనబడదు, నెమ్మదిగా చిగుళ్లు పాలిపోతాయి. నెల్లూరు పులుసుకి వంక పెట్టడం కాదు, అది మనకోసం చేసుకున్నది.

చేప పెట్టొద్దని కాదు. పులుసులో వేయకముందే ఒక ముక్క తీసి, ఉప్పూ పసుపూ లేకుండా ఉడికించి, ముల్లు తీసి వారానికి రెండుసార్లు రెండు చెంచాలు పెట్టండి. పచ్చి చేప వద్దు. కొన్ని రకాల పచ్చి చేపల్లో థయామిన్ అనే విటమిన్‌ను కోసేసే పదార్థం ఉంటుంది. రోజూ అదే తిన్న పిల్లి మెడ కిందికి వాలిపోయి, తూలి, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ పదార్థం పోతుంది. ఎండు నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ. ఒట్టి కోడిమాంసం మీదే పెంచడం ఇంకో తప్పు. మాంసంలో కాల్షియం చాలదు, ఎముకలు మెత్తబడి సోఫా మీంచి దూకినా కాలు విరుగుతుంది.

మీ కూనకు రోజుకు 200 నుంచి 250 కేలరీలు కావాలి. కిట్టెన్ అని రాసి ఉన్న డ్రై ఫుడ్ గ్రాముకు 4 కేలరీల దాకా ఇస్తుంది. అంటే రోజుకు 50 నుంచి 60 గ్రాములు. లేదా 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్ ఒకటి, దానికి తోడు 35 నుంచి 40 గ్రాముల డ్రై ఫుడ్. ఇప్పుడు నాలుగుసార్లుగా, ఆరు నెలల దాకా మూడుసార్లుగా, తర్వాత రెండుసార్లుగా పంచండి. ఇంటి తిండి పదో వంతు మించొద్దు. లెక్క వేసి చూడండి, నెలకు కిలోన్నర, రెండు కిలోల మధ్యే అవుతుంది. సంచి నుంచి తీసి విడిగా తూచి అమ్మే డ్రై ఫుడ్ చవకే గానీ మన సముద్రపు గాలికి నిమ్ము పట్టి బూజొస్తుంది. చిన్న ప్యాకెట్ కొని గాలి చొరని డబ్బాలో పోసుకోండి.

ప్రశ్న: పోయిన ఏడాది తెచ్చిన కూన వాంతులు, రక్త విరేచనాలతో నాలుగో రోజుకే పోయింది. పార్వో అన్నారు. ఇప్పుడు ఇంకోటి తేవచ్చా? టీకాలు ఎప్పుడెప్పుడు?
- ఒక పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: పిల్లుల్లో దాన్ని పాన్‌ల్యూకోపీనియా అంటారు. టీకా లేని కూనల్లో చాలావరకు బతకవు. ఆ వైరస్ ఇంట్లో ఏడాది దాకా ఉంటుంది. కాబట్టి టీకాలన్నీ పూర్తయిన కూననే తెచ్చుకోండి. మీ ఇంటికి 45 రోజుల కూన అసలు పనికిరాదు.

అంతకుముందే పాత పరుపు, గీకుడు బల్ల, ట్రే, బొమ్మలు పారేయండి. నేలను ముందు సర్ఫ్ నీళ్లతో కడిగి మురికి పోగొట్టాలి, మురికి మీద బ్లీచింగ్ పనిచేయదు. తర్వాత లీటరు నీళ్లకు 5 నుంచి 6 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరిన నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయండి. మూత తీసి ఏడాదైన పౌడర్‌లో క్లోరిన్ ఉండదు. యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది. ఫినాయిల్ ఈ వైరస్‌ను చంపదు, పిల్లిని మాత్రం చంపగలదు. కాళ్లకు అంటింది నాకేస్తుంది, దాని కాలేయం ఫినాల్‌ను విరిచేయలేదు. డెటాల్ లాంటివీ అంతే.

త్రీ ఇన్ వన్ టీకా (పాన్‌ల్యూకోపీనియాకు, మరో రెండు జలుబు వైరస్‌లకు కలిపి వేసేది) 8 వారాలకు ఒకటి, 12కు ఒకటి, 16కు ఒకటి. రేబీస్ 12 వారాలు నిండాక. ఏడాదికి మళ్లీ రెండూ. ఎందుకు మూడుసార్లంటే, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా పట్టదు. అది ఏ కూనలో ఎప్పుడు తగ్గుతుందో తెలియదు కాబట్టి 16 వారాల టీకా మానేస్తే ముందువి వేయించినా గట్టి నమ్మకం లేదు. చాలామంది మానేసేది సరిగ్గా దాన్నే. నట్టల మందు 8 వారాల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి. పిల్లుల టీకా అన్ని పశువైద్యశాలల్లో నిల్వ ఉండదు, ఫోన్ చేసి తెప్పించుకుని వెళ్లండి.

ప్రశ్న: లిట్టర్‌కు బదులు పెన్న ఇసుక వాడొచ్చా? ట్రే పెట్టినా పరుపు మీదే పోస్తోంది.
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: జల్లించి, కడిగి, ఎండబెట్టిన సన్న ఇసుక వాడొచ్చు. కూనకు కాలికి మెత్తగానే ఉంటుంది. కానీ గడ్డకట్టదు, మూత్రం అడుక్కి దిగి రెండో రోజుకే కంపు. పర్షియన్ వెంట్రుకకు అంటుకుని ఇల్లంతా తిరుగుతుంది. రెండు అంగుళాల మందం పోసి, రోజుకు రెండుసార్లు గట్టివి తీసి, మూడు రోజులకొకసారి మొత్తం మార్చగలిగితేనే. గడ్డకట్టే బెంటోనైట్ లిట్టర్ మూడు నెలలు దాటాక మేలు. అంతకంటే చిన్నవి రుచి చూస్తాయి, కడుపులో గడ్డకడుతుంది.

పరుపు సంగతి: ట్రే అంచు ఎత్తు కూన మోకాలికి మించితే ఎక్కదు. పరుపు ఉన్న గది తలుపు నెల రోజులు మూసేయండి. తిన్న పావుగంటకు, నిద్ర లేవగానే ట్రేలో దింపండి. పోసిన చోట మామూలు డిటర్జెంట్ సరిపోదు, ఎంజైమ్ క్లీనర్ వాడాలి. వాసన మిగిలితే అదే దాని దొడ్డి. మాటిమాటికీ ట్రేకి వెళ్లి ముక్కుతూ చుక్క కూడా రాకపోతే, ముఖ్యంగా మగదానికి, అది అలవాటు సమస్య కాదు. మూత్రం బిగిసింది. తెల్లారేదాకా ఆగకండి.

ప్రశ్న: రోహిణి కార్తెలో కరెంటు పోతే మా పర్షియన్ నోరు తెరిచి రొప్పుతోంది. వెంట్రుక మొత్తం గొరిగించమంటున్నారు. కూలర్ కొనాలా?
- ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: కుక్క రొప్పితే మామూలు. పిల్లి ఊరకే కూర్చుని నోరు తెరిచి రొప్పిందంటే ఇబ్బందిలో ఉన్నట్టే. పిల్లి మామూలు వేడి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. కుళాయి నీళ్లతో పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు తడిపి ఫ్యాన్ కింద పెట్టండి. ఐస్ నీళ్లు వద్దు, చర్మంలో రక్తనాళాలు బిగుసుకుని వేడి లోపలే ఉండిపోతుంది. తడి గుడ్డ కప్పి వదిలేయొద్దు, అది కాసేపటికి కంబళి అవుతుంది. 103కి దిగగానే తడపడం ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి, తేరుకున్నట్టు కనబడినా సరే.

గొరిగించడం వద్దు. తోలు కనబడేలా తీస్తే ఎండ నేరుగా కాలుస్తుంది. పొట్ట కింద, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మాత్రం పొట్టిగా కత్తిరించాలి. చల్లటి నేల తగిలేది పొట్టకే. కూలర్ మీ వైపు పొడి ఎండలకు పనిచేస్తుంది, కిటికీ తెరిచి ఉంచాలి. కొత్తపట్నం, కావలి లాంటి సముద్రపు ఉక్కలో కూలర్ ఇంకా ఉక్క పెంచుతుంది. కరెంటు పోయినప్పుడు మధ్యాహ్నం స్నానాలగది గచ్చే ఇంట్లో చల్లటి చోటు. రెండు లీటర్ల సీసాలో నీళ్లు గడ్డకట్టించి టవలు చుట్టి పక్కన పెట్టండి, కావాలంటే ఆనుకుంటుంది. నీళ్లు మట్టి మూకుడులో, వెడల్పుగా, రెండు మూడు చోట్ల పెట్టండి. పొట్టి ముక్కువి లోతు గిన్నెలో తాగలేవు.

ప్రశ్న: వానలు మొదలయ్యాక చంకల్లో, చెవుల వెనక వెంట్రుక ఉండలు కట్టింది. ముక్కు పక్కన గుండ్రంగా ఊడింది. మా పాపకు కూడా ముంజేతి మీద ఎర్రటి చుట్ట వచ్చింది.
- ఒక పాఠకురాలు, ముత్తుకూరు

జవాబు: ఇవి రెండు సమస్యలు. పాప చేతి మీదది, కూన ముక్కు మీదది రెండూ తామరే కావొచ్చు. పర్షియన్లలో ఇది చాలా మామూలు, మనుషులకూ అంటుకుంటుంది. పాపను చర్మవైద్యుడికి చూపించండి. కూనకు పైపూత ఒక్కటే చాలదు, దాన్ని నాకేస్తుంది కూడా. మందుల దుకాణంలో చర్మానికి ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, దాంతో తామర ఇంకా పాకుతుంది. డాక్టరు నోటి మందు, వారానికి రెండుసార్లు మందునీళ్ల స్నానం చెబుతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వెంట్రుక తిరిగి వచ్చిందని మూడో వారం ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది. రాలిన వెంట్రుకలో దాని బీజాలు ఏడాదికి పైగా బతుకుతాయి కాబట్టి మందు వాడినన్నాళ్లూ కూనను ఒకే గదిలో ఉంచి, గది రోజూ తడిగుడ్డతో తుడవాలి. చీపురు ఎత్తితే గాల్లోకి లేస్తాయి.

ఉండల్ని కత్తెరతో కోయకండి. పిల్లి చర్మం వదులుగా ఉండి ఉండతో పాటు పైకి లేస్తుంది, వెంట్రుక అనుకుని తోలు కోసేస్తారు. కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, ఉండ మొదట్లో వెంట్రుకను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని (లాగుడు చర్మానికి తగలదు), వెడల్పు పళ్ల స్టీలు దువ్వెనతో కొసల నుంచి విడదీసుకుంటూ లోపలికి రండి. చర్మానికి అంటుకుపోయిన ఉండను డాక్టరు దగ్గర మిషనుతో తీయించాలి. రోజూ పది నిమిషాలు దువ్వితే ఇంతదూరం రాదు. పైపైన బ్రష్ తిప్పితే పైపొర మెరుస్తుంది, కింద నూగు ఉండ కడుతూనే ఉంటుంది. దువ్వెన కొస చర్మానికి తగులుతోందా లేదా అన్నదే పరీక్ష. స్నానం చేయించిన రోజు వెంట్రుక మొదళ్ల దాకా ఆరబెట్టండి. ఈ తేమలో సగం ఆరిన పర్షియనే తామరకు మొదటి చుట్టం.

ప్రశ్న: మా కూనకు వెనక నుంచి మల్లెపూల దారం వేలాడుతోంది. లాగేయొచ్చా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: లాగొద్దు. దారం అవతలి కొస నాలుక కిందో, పేగు మలుపులోనో చిక్కుకుని ఉండొచ్చు. లాగితే పేగు కుచ్చిళ్లలా ముడుచుకుని, దారం రంపంలా కోస్తుంది. వేలాడేది నాకకుండా అట్టతో మెడపట్టీ కట్టి, వెంటనే తీసుకెళ్లండి. వాంతులు ఉంటే ఆపరేషన్ కూడా అవసరం పడొచ్చు. పూలదారం, రబ్బరు బ్యాండ్లు, కుట్టుమిషను దారం, గాలిపటం నైలాను పిల్లి కంట పడకూడదు. వాడిన పూలు మూత ఉన్న బుట్టలో వేయండి.

చిన్న ప్రశ్నలు

బల్లిని తింటే చస్తుందా అని ముగ్గురు రాశారు. బల్లి విషం కాదు. అయితే బల్లుల ద్వారా కాలేయంలో చేరే పురుగు ఒకటుంది. తరచు తినే పిల్లికి కళ్లు, చిగుళ్లు పచ్చబడితే డాక్టరుకు ఈ సంగతి చెప్పండి.

జ్వరం బిళ్ల: పారాసెటమాల్ 500 బిళ్ల ఒకటి ఎదిగిన పిల్లిని చంపుతుంది. కూనకు ముక్క చాలు. పొరపాటున వేసి ఉంటే చిగుళ్లు గోధుమరంగు తిరిగే దాకా చూడకుండా పరుగెత్తండి, విరుగుడు ఉంది.

నెల్లూరు దోమల గురించి చెప్పేదేముంది! గాలి ఆడే గదిలో లిక్విడ్ మెషిన్ అంత ప్రమాదం కాదు, తలుపులు బిగించిన గదిలో కాయిల్ వెలిగించి కూనను పెట్టకండి. దోమతెర అన్నిటికంటే మేలు. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే పెర్‌మెత్రిన్ చుక్కలు పిల్లికి వేస్తే ఫిట్స్ వచ్చి పోతుంది.

పెరట్లో గన్నేరు, కుండీలో లిల్లీ ఉంటే తీసేయండి. లిల్లీ పుప్పొడి ఒంటికి అంటింది నాకినా కిడ్నీలు పోతాయి.

ప్రశ్న: మా అమ్మాయి పురిటికి వచ్చింది, ఆరో నెల. పిల్లి ఉంటే బిడ్డకు ప్రమాదమని వియ్యపురాలు పట్టుబడుతున్నారు. పిల్లిని ఎవరికైనా ఇచ్చేయాలా?
- ఒక తల్లి, ఆత్మకూరు

జవాబు: అవసరం లేదు. వియ్యపురాలు భయపడేది టాక్సోప్లాస్మా గురించి, ఆ జబ్బు నిజమే. కానీ అది పిల్లిని ముట్టుకుంటే రాదు. పచ్చి మాంసం లేదా ఎలుక తిని మొదటిసారి సోకిన పిల్లి ఒకటి నుంచి మూడు వారాల పాటు మలంలో దాని గుడ్లు విసర్జిస్తుంది. ఆ గుడ్లు కూడా మలంలో ఒక రోజు నుంచి ఐదు రోజులు ఉన్నాకే అంటుకునే స్థితికి వస్తాయి. కాబట్టి ట్రే రోజూ తప్పకుండా శుభ్రం చేయాలి, ఆ పని మీ అమ్మాయి కాక ఇంకెవరైనా చేయాలి. పిల్లిని ఇల్లు దాటనివ్వకండి, పచ్చి మాంసం పెట్టకండి. ఆమెకు అంతకంటే ఎక్కువ దారులు సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, చేతితొడుగు లేకుండా పెరటి మట్టి పని. వియ్యపురాలికి ఈ సంగతి గైనకాలజిస్ట్ చేత చెప్పించండి, మా మాట కంటే బరువుంటుంది.

ప్రశ్న: మగ కూన, ఐదు నెలలు. జోడీ తెచ్చి పిల్లలు పెట్టిద్దామా, ఆపరేషన్ చేయిద్దామా?
- ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: పీకేడీ పరీక్ష, కాన్పు కష్టమైతే సిజేరియన్ చేసే డాక్టరు అందుబాటు, 12 వారాల దాకా ఐదారు కూనల తిండీ టీకాల ఖర్చు: ఈ మూడూ ఉంటే ఆలోచించండి. పొట్టి ముక్కువాటికి కూనల తల పెద్దది, కాన్పు అడ్డం తిరగడం అరుదేమీ కాదు. ఆ మూడింటిలో ఏది లేకపోయినా ఇప్పుడే ఆపరేషన్ చేయించేయండి, ఐదు నెలలు సరైన వయసే. మగది గోడలకు కంపు కొట్టే మూత్రం చిమ్మడం మొదలుపెట్టాక చేయిస్తే కొన్నిటికి ఆ అలవాటు మిగిలిపోతుంది. ముందురోజు రాత్రి నుంచి పస్తు ఎన్ని గంటలో మీ డాక్టరునే అడగండి. కూనలకు పెద్ద పిల్లులంత సేపు కడుపు మాడ్చకూడదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. తిరిగి తెచ్చాక వారం రోజులు ట్రేలో ఇసుక, లిట్టర్ బదులు చింపిన పేపరు ముక్కలు వేయండి, గాయానికి అంటుకోవు. ఆపరేషన్ తర్వాత దానికి తిండి అవసరం తగ్గి ఆకలి పెరుగుతుంది. ఎదుగుదల ఆగేదాకా పదిహేను రోజులకోసారి తూచి, డ్రై ఫుడ్ గిన్నెలో పోసి వదిలేయకుండా గ్రాముల్లోనే పెట్టండి.